పెద్దలున్న ఇంట్లో వైఫై

“ఇంటికి ఒక వైఫై పెట్టె చాలదా? మూడు పెడితే ఆ కిరణాలకు లేనిపోని జబ్బులు రావా?” అని మిత్రులు నన్ను తరచు అడుగుతున్నారు. మా ఇంట్లో ఇప్పుడు మూడున్నాయి. ఎందుకు పెట్టవలసి వచ్చిందో చెబుతాను.

గత వర్షాకాలంలో ఒక రాత్రి మా అక్కయ్యకు ఆయాసం వచ్చింది. ఆమెది వెనుక గది. హాలులో నిలబడి హృద్రోగ నిపుణుడితో వీడియోలో మాట్లాడుతూ, ఆమెను చూపడానికి లోపలికి నడిచాను. గడప దాటగానే బొమ్మ నిలిచిపోయింది, మాట తెగింది. రెండు ఇటుక గోడల అవతల మొబైలు సంకేతం కూడా అంతంతమాత్రమే. ఆమెను కుర్చీతో సహా హాలులోకి తెచ్చాము. కోలుకున్నది, కాని ఆ పది నిమిషాలను నేను మరువలేదు.

మొదట వేరే పేరుతో ఒక రిపీటరు తగిలించాను. ప్రయోజనం లేకపోయింది. ఒక కేంద్రాన్ని విడిచి మరొక దానికి మారాలా వద్దా అన్న నిర్ణయం ఫోనుదే. పాత సంకేతం కొన ఊపిరితో ఉన్నా అది దానినే పట్టుకొని వేలాడుతుంది. కాబట్టి యాక్సెస్ పాయింట్లన్నింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డు, ఒకే భద్రతా పద్ధతి ఉండాలి. పరికరాలకు చిరునామాలిచ్చే పని ప్రధాన రూటరుకే వదలాలి. వీలైతే ప్రతి కేంద్రానికీ తీగ లాగించండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 ఛానెళ్ళను తలొకదానికి కేటాయిస్తే ఒకదానికొకటి అడ్డురావు. అన్నింటికంటె విచిత్రమైన విషయం, ప్రసార శక్తిని తగ్గించాలి. హాలు పెట్టె గొంతు చించుకొని అరుస్తుంటే ఫోను దానిని వదలదు.

ఇక కిరణాల భయం. ఈ తరంగాలకు డి.ఎన్.ఏ. బంధాలను తెంచగల శక్తి లేదు. ఎక్స్-కిరణాలతో వీటికి పోలిక తగదు. 2011లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ రేడియో తరంగాలను ‘2బి’ వర్గంలో, అంటే క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండవచ్చునన్న వర్గంలో చేర్చిన మాట నిజమే. కలబంద పూర్తి ఆకు సారమూ ఆ వర్గంలోనే ఉంది. దానిని ఆరోగ్యమని త్రాగేవారే నాకు వైఫై గురించి హెచ్చరికలు పంపుతుంటారు! ఆరుబయట దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. పైగా టవరు సంకేతం బలహీనంగా ఉన్నచోట, చెవి దగ్గర పెట్టుకున్న ఫోనే తన శక్తిని పెంచుకుంటుంది. గోడమీది పెట్టెకంటె నాకు ఆ ఫోను గురించే ఆలోచన ఎక్కువ.

అయితే కరెంటు పోతే ఈ ఏర్పాటంతా పోతుంది. రూటరునూ, కేంద్రాలనూ ఇన్వర్టరుకు కలపండి. పెద్దల గదిలో మొబైలు సంకేతం ఎక్కడ అందుతుందో ముందే చూసి ఉంచుకోండి. 108కి ఫోను చేయవలసిన వేళ వెదుకులాట పనికిరాదు.

అక్కయ్య గదిలోని పెట్టెను తలుపు పైన బిగించాను. కిరణాల మాట ఆమె ఎత్తలేదు గాని, దాని ఆకుపచ్చ దీపం నిద్ర పట్టనీయడం లేదన్నది. నల్ల టేపు అంటించాను.