ఇంకో పదేళ్లు చాలు

ముసలితనాన్ని వెనక్కి నెట్టడానికి ఏటా 20 లక్షల డాలర్లు ఖర్చు పెడుతున్నానని చెప్పుకున్న అమెరికా వ్యాపారి బ్రయాన్ జాన్సన్, 2023లో కన్నకొడుకు ప్లాస్మా కూడా ఎక్కించుకున్నారు. లాభం కనబడలేదని మానేశారు. యయాతి కథ తెలిసిన మనకిది కొత్తేమీ కాదు. కొడుకు పూరుడి యవ్వనం పుచ్చుకుని వెయ్యేళ్లు అనుభవించినా ఆయనకు తనివి తీరలేదు.

చావు ఉంటేనే బతుక్కి విలువ అని కొందరు తేలిగ్గా అనేస్తారు. ఐసీయూ బయట కుర్చీల్లో కూర్చున్నవాళ్ల ముందు ఆ మాట అనగలరా? స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన సగటు ఆయుర్దాయం 32 ఏళ్లు. ఇప్పుడది 70 దాకా వచ్చింది. రెట్టింపు ఆయుష్షుతో బతుకేమీ పలచబడలేదు.

అంతే లేకపోవడం మాత్రం వేరే సంగతి. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1922 నాటి నాటకంలో మూడొందల ఏళ్లు దాటిన గాయనికి దేనిమీదా ఆసక్తి మిగలదు. ఆమెను ఉదాహరణగా తీసుకునే, అమరత్వం చివరికి విసుగేనని తత్వవేత్త బెర్నార్డ్ విలియమ్స్ వాదించారు.

అంత దూరం ఎందుకు, ఎనభై దాటిన మామ్మ ఆవకాయ పెట్టడం చూడండి. ఒక్కో ముక్కా గుడ్డతో తుడిచి, టెంక పొర తీసి, జాడీకి వాసెన కడుతూ ‘వచ్చే ఏడు ఉంటానో లేదో’ అంటుంది. వెయ్యి వేసవులు చేతిలో ఉంటే ఆ తడి అంత శ్రద్ధగా తుడుస్తుందా? మాకు అనుమానమే. అలాగని ఇంకో పదేళ్లు ఇస్తామంటే కాదనదు. మోకాళ్ల నొప్పులు లేకుండా ఇమ్మంటుంది.