మందుకు ముందటి చిత్రము

మెడయందో చంకయందో బిళ్ల కట్టి, నొప్పి లేకుండనే నానాటికి పెరుగుచుండినపుడు అది క్షయవలని గండమాలయో, లింఫోమా యను గ్రంథికాన్సరో తేల్చుట మన దేశమున వైద్యులకు మొదటి చిక్కు. క్షయ సోకిన గ్రంథియు కాన్సరు సోకిన గ్రంథియు పెట్-సి.టి. స్కానులో ఒక్కతీరుననే వెలుగవచ్చును గావున, ముక్క తీసి సూక్ష్మదర్శినితో పరీక్షింపక నిశ్చయమునకు రాదగదు. ఆ నిశ్చయము కుదిరిన పిమ్మట, మొదటి మందు ఎక్కకముందే జరుగవలసిన కార్యమొకటి కలదు. దానిని గూర్చియే నా విన్నపము.

1832లో లండను వైద్యుడు థామస్ హాడ్జ్‌కిన్ వర్ణించిన లింఫోమా చిరకాలము అసాధ్యవ్యాధిగానే యుండెను. తొలిదశలో కిరణచికిత్సచే అది నయము కాగలదని 1950లో టొరంటో వైద్యురాలు వీరా పీటర్స్ రోగుల చరిత్రలే సాక్ష్యముగా చూపెను. పిదప స్టాన్‌ఫర్డులో హెన్రీ కాప్లాన్ మెడ, చంకలు, రొమ్ము నడిమిభాగము కలిపి ఒక్క విశాలక్షేత్రముగా చేసి, 40 గ్రేలకు పైబడిన మోతాదుతో పెక్కుమందిని బ్రతికించెను. వ్యాధి ఎంతవరకు ప్రాకినదో తెలియుటకు ఉదరము కోసి ప్లీహమును తీసి చూచిన రోజులవి; కనుక వ్యాధి కనబడిన చోటునేగాక, ఉండునేమోయని శంకించిన చోటును కిరణములకు గురిచేయక తప్పలేదు. అట్లు బ్రతికిన యువతులలో కొందరికి ఏండ్లు గడచిన పిమ్మట రొమ్ముకాన్సరును, మరికొందరికి గుండెజబ్బును ఆ కిరణముల వలననే సంప్రాప్తించెను.

నేడు ఫ్లోరిన్-18 చేర్చిన గ్లూకోజును సిరలోనికెక్కించి, దానిని అధికముగా గ్రహించు గ్రంథులను పెట్-సి.టి. చిత్రమున గుర్తించి, ఆ స్థానములకే కిరణములను పరిమితము చేయుచున్నారు. అనుకూల లక్షణములు గల తొలిదశ హాడ్జ్‌కిన్ రోగులకు రెండు విడతల కీమోథెరపీయు 20 గ్రేల కిరణములును చాలునని 2010లో జర్మను పరిశోధకులు ప్రకటించిరి.

అయితే కిరణములకు ముందు మందులు నడచును; మందు చక్కగా పనిచేసినచో గ్రంథులు కరగిపోవును. గోదావరి వరద ఇసుకమేట వేసి హద్దురాళ్లను కప్పివేసిన లంకభూమికి పాత సర్వేపటమే దిక్కైనట్లు, అదృశ్యమైన గ్రంథి మొదట ఎచటనుండెనో చెప్పుటకు మందుకు ముందటి స్కానే కిరణవైద్యునికి ఆధారము. మెడ వంగినచో, చేతులు పైకెత్తినచో గ్రంథుల స్థానము మారును గనుక, ఆ స్కానును చికిత్సలో పరుండబోవు భంగిమలోనే, బల్లపరుపైన పీఠముపైననే తీయుట మేలు. అది లేనిచో వైద్యుడు సందేహమున్నంత మేర కిరణక్షేత్రపు గీతను వెడల్పు చేయును. గుండెయు, ఊపిరితిత్తులును, రొమ్మును మరల కిరణముల పాలగును.

మందులతో చిత్రము నిర్మలమైనవారికి కిరణములు మాననే వచ్చునను పక్షమొకటి కలదు. 2015లో వెలువడిన బ్రిటిష్ పరిశోధనలో, మూడేండ్లు వ్యాధి తిరుగబెట్టక జీవించినవారు కిరణములు పొందినవారిలో 94.6 శాతము, పొందనివారిలో 90.8 శాతము. ఈ స్వల్పభేదమును ఏ రోగి విషయమున ఎట్లు తూచవలెనో వైద్యులు వాదింతురు గాక. మొదటి చిత్రము లేక ఆ తూకమునకును ఆధారము చాలదు.

కావున లింఫోమా యని తేలిన రోగిని మొదటి మందుకు ముందే కిరణవైద్యుడును చూడవలెను. ప్రభుత్వ ఆరోగ్యపథకములు ఆ స్కాను వ్యయమును చికిత్సలో భాగముగానే లెక్కింపవలెను. ఒకచోట మందులు ముగించుకొని, కిరణములకై హైదరాబాదుకో విశాఖపట్నమునకో పయనమగు రోగిచేత కాగితపు నివేదిక మాత్రమే పెట్టుట చాలదు. చిత్రములన్నియు గల డిస్కును అడుగకుండనే ఆసుపత్రివారు ఈయవలెను, ఈయనిచో బంధువులు ఆనాడే అడిగి పుచ్చుకొనవలెను.