గాజు దిమ్మె, డిజిటల్ తెర

గోదావరి డెల్టాలో పిల్లలకు కాంతి వక్రీభవనం బడిలో కన్నా ముందే కాలువ గట్టున ఎదురవుతుంది. పైనుంచి నిటారుగా చూస్తే నాలుగడుగుల తేటనీరు మూడడుగుల లోతే ఉన్నట్టు కనిపిస్తుంది. నీటి వక్రీభవన గుణకం సుమారు 1.33 కావడమే ఇందుకు కారణం. ఈతకు దిగేవారికి ఇది తెలిసి ఉండటం మంచిది. అయితే కాలువ కొలతలివ్వదు. వరద రోజుల ఎర్రనీటిలో అడుగే కనబడదు. కోణాలు కొలిచి, సైన్ల నిష్పత్తి కట్టి చూడాలంటే ప్రయోగశాలకు రావలసిందే. అక్కడ గాజు దిమ్మె, గుండుసూదులతో నేర్పాలా, తెర మీద చూపాలా అన్న విషయంలో ఉపాధ్యాయుల అభిప్రాయాలు వేరుగా ఉండటం సహజం.

తెర పక్షాన బలమైన వాదనలే ఉన్నాయి. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకు ట్యాబ్‌లు ఇచ్చింది. ఆ మరుసటి ఏడాది పాఠశాలల ఆధునికీకరణ పథకమైన నాడు-నేడు కింద ఉన్నత పాఠశాలల్లోకి ఇంటరాక్టివ్ ప్యానెళ్లు వచ్చాయి. కొలరాడో విశ్వవిద్యాలయం రూపొందించిన ఫెట్ వంటి సిమ్యులేషన్లలో పతన కోణాన్ని జరిపితే వక్రీభవన కిరణం వెంటనే కదులుతుంది. గాజు నుంచి గాలిలోకి వచ్చే కిరణం సుమారు 42 డిగ్రీలు దాటగానే సంపూర్ణాంతర పరావర్తనం చెందడాన్ని తరగతి అంతా ఒకేసారి చూడవచ్చు. పైగా డెల్టా తేమకు అద్దాల వెనక పూత మచ్చలు పడుతుంది, కటకాలకు బూజు పడుతుంది. సిమ్యులేషన్‌కు ఆ బెడద లేదు, కరెంటు ఉన్నంతసేపు.

కానీ తెర మీద కొలత తప్పదు కాబట్టి, కొలత ఎలా తప్పుతుందో అది నేర్పలేదు. గుణకం 1.5 ఉన్న గాజులో పతన కోణం 10 డిగ్రీలైతే, వక్రీభవన కోణాన్ని ఒక్క డిగ్రీ అటూ ఇటూగా చదివినా ఫలితం 1.30 నుంచి 1.76 వరకు మారిపోతుంది. అదే పొరపాటు 60 డిగ్రీల దగ్గర జరిగితే 1.46, 1.54 మధ్యనే ఉంటుంది. పెద్ద కోణాలు ఎందుకు ఎంచుకోవాలో సూదులు గుచ్చి, కోణమానితో కొలిచిన విద్యార్థికి తన పట్టికే చెబుతుంది. అయినా కోణం మరీ పెంచితే సూదుల ప్రతిబింబాలు మసకబారి, అంచుల్లో రంగులు కనిపిస్తాయి. ఒకటి మెరుగుపడితే మరొకటి చెడుతుందన్న ఈ సంగతి చేతితో చేసినప్పుడే తెలుస్తుంది.

అలాగని సూదుల ప్రయోగం తనంతట తానే నిజాయితీ నేర్పుతుందనలేం. నలభై మందికి నాలుగైదు దిమ్మెలే ఉంటే, ముప్పావు గంటలో కొందరు చేస్తారు, తక్కినవారు చూస్తారు. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో ప్రయోగ పరీక్ష లేదు. ప్రయోగాన్ని వివరించమని అడిగితే కంఠస్థం చేసినది రాస్తే చాలు. 1.5 రావాలని ముందే తెలిసిన విద్యార్థి కోణాలను వెనక నుంచి లెక్కగట్టి పట్టిక నింపవచ్చు. అప్పుడు తెర కన్నా గాజు దిమ్మె చేసిన మేలేమీ ఉండదు.

లేజర్ పాయింటర్ మధ్యేమార్గంలా కనిపిస్తుంది. కిరణం దారి తేలిగ్గా గీయవచ్చు, సమయమూ కలిసొస్తుంది. కాకపోతే చౌకగా దొరికే పాయింటర్లలో కొన్ని లేబుల్ మీద ఉన్నదానికన్నా ఎక్కువ శక్తి వెలువరిస్తాయి. అద్దాల పాఠంలో ఆ కిరణం ఎవరి కంటి వైపు తిరుగుతుందో చెప్పలేం. ఉపాధ్యాయుడి చేతిలో ఉన్నంతవరకు ఫరవాలేదేమో గాని, పిల్లలకు ఇవ్వకపోవడమే మేలు.

కాబట్టి పనిని బట్టి సాధనాన్ని ఎంచుకోవడం సబబనిపిస్తుంది. పరావర్తన నియమానికి అద్దం ముక్క, నాలుగు సూదులు చాలు. పుటాకార దర్పణంతో కిటికీ బయటి కొబ్బరిచెట్టు తలకిందులుగా కాగితం మీద పడటం చూసినవారికి నాభ్యంతరం అంటే ఏమిటో వేరే బొమ్మ గీసి చెప్పనక్కరలేదు. వక్రీభవనానికి మాత్రం ముందు 30 నుంచి 60 డిగ్రీల మధ్య మూడు కోణాలు చేతితో కొలిపించి, ఆ తర్వాతే తెర తెరిస్తే రెండింటి ప్రయోజనమూ దక్కవచ్చు. మార్కులు 1.5కు కాకుండా, వచ్చిన విలువల తేడాకు విద్యార్థి చెప్పిన కారణానికి వేయాలి. దీనికి రెండు పీరియడ్లు పడతాయి; సిలబస్ ఒత్తిడిలో అది చిన్న ఖర్చేమీ కాదు. ప్రతి పాఠానికీ సాధ్యం కాకపోయినా, ఏడాదికి ఒకటి రెండు ప్రయోగాలకైనా ఆ సమయం కేటాయించడం అసాధ్యం కాకపోవచ్చు.