ఆంప్ ఆగుతుంది, గిటార్ ఆగదు

ఎలక్ట్రిక్ గిటార్ కొంటానంటే మనవాళ్లు ముందు అడిగేది "ఆంప్ ఎన్ని వాట్లు?" అని. నన్నడిగితే డబ్బు గిటార్ మీద పెట్టండి, ఆంప్ దగ్గర సర్దుకోండి. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన 20,000లో నేను 16,000 గిటార్‌కే పెట్టాను.

నేనుండేది కొత్తగూడలో, ముగ్గురుండే పీజీ గదిలో. పక్క మంచం అన్న నైట్ షిఫ్ట్ చేసొచ్చి పగలు పడుకుంటాడు. అక్కడ 10 వాట్ల ఆంపే సగం తిప్పలేం. పైగా వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే (ఈసీఈ వాళ్లకి చెప్పక్కర్లేదు). స్పీకర్ ఒకటే అయితే 100 వాట్లు చెవికి 10 వాట్లకి రెట్టింపు మోత, అంతే.

గిటార్ అలా కాదు. స్ట్రింగ్స్ మరీ ఎత్తుగా ఉంటే వేళ్లు మండిపోతాయి, ఎఫ్ కార్డ్ దగ్గరే చాలామంది మానేస్తారు. అందుకే కొన్నాక సెటప్ చేయించడానికి కూడా కొంచెం దాచుకోండి.

ఎలక్ట్రిక్ సౌండ్ అంటేనే ఆంప్ అని సీనియర్లంటారు. నిజమే, కాదనను. కానీ డ్రమ్మర్ పక్కన నిలబడే రోజొచ్చాక కదా ఆ ఖర్చు! అప్పటికి అమెరికా వెళ్లేవాళ్లో, బెంగళూరు మారేవాళ్లో ఈ చుట్టుపక్కల సెకండ్ హ్యాండ్‌లో అమ్ముతూనే ఉంటారు. ప్లగ్ పెట్టించి, నాబులన్నీ తిప్పి చూడండి. గరగరమంటే బేరం ఆడండి.