ఓటేసిన కారణం ఊరికి చెప్పాలి

ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాన్ని విడదీసిన బిల్లును 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ మూజువాణి ఓటుతో ఆమోదించింది. ప్రత్యక్ష ప్రసారమూ ఆగిపోయింది. ఏ సభ్యుడు ఎటు నిలిచాడో పేరుపేరునా నమోదు కాలేదు. ఆ లోటు నేటికీ బాధిస్తుంది. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లుపై అదే లోక్‌సభలో ఓటింగ్ జరిగింది: అనుకూలం 288, వ్యతిరేకం 232. తెలుగుదేశం మద్దతిచ్చింది. అంకెలు తెలిశాయి, సరే. కారణం కూడా ఓటరు చెవిన పడాలి కదా! ఇలాగే ఓటేయాలని పార్టీ విప్ ఉంటే సభ్యుడి చేతులు కట్టేసినట్టే, నోరు మాత్రం కట్టేయలేదు. శ్రీకాకుళం ఎంపీ ఎవరైనా సరే, పార్లమెంటు సమావేశాలు ముగిసిన ప్రతిసారీ రావివలస ఎండల మల్లన్న గుడి ముందో, పలాస జీడి బజారులోనో నిలబడి, ఏ బిల్లుకు ఎందుకు ఓటేశారో చెప్పాలి. ఉద్దానం రైతులూ, మత్స్యకారులూ అడగాలి.