మైత్రియు, తాళపుచెవియు

మిత్రరాజ్యముల విమానదళములు కలసి పనిచేయుట నేడు కేవలము మర్యాదకు సంబంధించిన విషయము కాదు. ఒకరి యింధనము మరొకరి విమానమునకు పనికివచ్చుట, ఆకాశమున ఒకరి మాట మరొకరికి రహస్యముగా చేరుట, ఎదుట నున్నది శత్రువో మిత్రుడో క్షణములో గుర్తింపగలుగుట, ఇవి యన్నియు కుదిరిననే ఆ మైత్రి యుద్ధమున అక్కరకు వచ్చును. ఇందు మనకు లాభము గలదనుట నిర్వివాదము. దానికి మనము చెల్లింపవలసిన మూల్యమేమి యనునదియే విచారణీయాంశము. ఈ విచారణకు బెంగుళూరు కంటె తగిన తావు లేదు.

1940 డిసెంబరులో శ్రీ వాల్‌చంద్ హీరాచంద్‌గారు మైసూరు ప్రభుత్వము వారి తోడ్పాటుతో ఇచ్చట హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీని స్థాపించిరి. స్వదేశమున విమానములను నిర్మింపవలెనని వారి సంకల్పము. జపాను సైన్యములు సమీపింపగా 1942లో ప్రభుత్వము దాని నిర్వహణమును చేపట్టెను. 1943లో ఆ కర్మాగారము అమెరికా సైనిక విమానదళము వారి వశమయ్యెను. బర్మా, చైనా రంగములలో దెబ్బతిన్న మిత్రపక్ష విమానము లిచ్చట బాగుపడి మరల నెగిరినవి. వేలకొలది మన పనివారు అందు నేర్పు గడించిరి. అది గొప్ప లాభమే. కాని నిర్మాణ సంకల్పము మరమ్మతు పనిలో మరుగుపడెను. మనవారు రూపొందించిన హెచ్.టి.-2 శిక్షణవిమానము 1951లో గాని యెగురలేదు.

చైనా దండయాత్ర జరిగిన మరుసటి యేడు, అనగా 1963 నవంబరులో, అమెరికా, బ్రిటను, ఆస్ట్రేలియా విమానములు మన దేశమునకు వచ్చి ‘శిక్షా’ యను విన్యాసములలో మన దళముతో గూడి పాల్గొన్నవి. రెండేండ్లు నిండకమునుపే పాకిస్థానుతో యుద్ధము సంభవింపగా అమెరికా ఉభయపక్షములకును ఆయుధముల సరఫరాను నిలిపివేసెను. మరల 1998లో పోఖ్రాన్ పరీక్షల పిమ్మట, బెంగుళూరున రూపొందుచున్న తేలికపాటి యుద్ధవిమానమునకు అమెరికా సంస్థల వలన లభించుచున్న సహాయము ఆంక్షలచే ఆగిపోయెను. మన ఇంజనీర్లు అధైర్యపడక శేషించిన పనిని తామే సాగించిరి. 2001 జనవరిలో ఆ విమానము ఈ నగరముననే తొలిసారి గగనమున కెగసెను. అదియే నేటి తేజస్.

మాకు ఏ రాజ్యముపైనను ద్వేషము లేదు. ప్రతి రాజ్యమును తన హితమునే ముందు చూచుకొనును. మనమును అట్లే చూచుకొనవలెనని మా మనవి. అమెరికాతో 2016లో సరఫరాల ఒడంబడికయు, 2018లో రహస్య వార్తాసాధనముల ఒడంబడికయు జరిగినవి. 2024 ఆగస్టులో జర్మనీ, ఫ్రాన్సు, స్పెయిను, బ్రిటను విమానములు సూలూరునకు వచ్చి ‘తరంగశక్తి’ విన్యాసములలో తేజస్ సరసన నెగిరినవి. ఇది సంతోషింపదగినదే. కాని ఆ తేజస్ గుండెకాయ విదేశీయము. 2021లో 99 ఇంజనులకు ఒప్పందము కుదిరినను మొదటిది 2025 మార్చిలో గాని అందలేదు. ఇది ఆంక్షల వలన గలిగిన జాప్యము గాకపోయినను, మన కర్మాగారమున కలిగిన ఫలిత మొక్కటియే.

అట్లయిన మైత్రియే వలదా యని కొందరడుగవచ్చును. ఏకాకితనము బలము కానేరదు. ఇంటికి వచ్చిన చుట్టమునకు సావడి చూపుదుము, విందు చేయుదుము. భోషాణపు తాళపుచెవిని మాత్రము చేతికీయము. విమానముల విషయముననో, మిత్రులతో మాటలాడు భాష వేరుగను, మన దళములో మనము మాటలాడుకొను భాష వేరుగను ఉండవలెను. ఆ రెంటిని కలుపు సాధనము మన చేతిలోనే యుండవలెను. కొనిన ప్రతి యంత్రమును ఇచ్చటనే విప్పి బాగుచేసికొను హక్కు ఒప్పందమున నుండవలెను. రక్షణకు భంగము గాని మేరకు ముఖ్యమైన షరతులను పార్లమెంటునకు విన్నవింపవలెను.

ఈ నగరమందలి కర్మాగారములలోను, పరిశోధనాలయములలోను పనిచేయు తెలుగువారు పెక్కుమంది గలరు. వారి బల్లలపై జరుగు పనియే ఈ ప్రశ్నకు సమాధానము. తన విమానమును తాను బాగుచేసికొనగల దేశమునే మిత్రులు సమానముగా చూతురు. తక్కిన దేశముల స్నేహము, ఆపత్కాలమున అవతలివారి దయపై ఆధారపడి యుండును.