చలాన్ ఫొటో మసకగా ఉందా? కట్టే ముందు ఇవి చూడండి

ఓవర్ స్పీడ్ చలాన్ పడిందని ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. వెయ్యి రూపాయలే కదా, ఎవరు తిరుగుతారులే అని చాలామంది ఫొటో కూడా తెరవకుండా కట్టేస్తారు. కానీ ఆ బండి మీదేనని చెప్పే సాక్ష్యం ఆ ఫొటోనే. అందులో నంబర్ స్పష్టంగా లేకపోతే అడిగే హక్కు మీకుంది.

ఫొటో ఎందుకు చెదురుతుంది?

కెమెరా షట్టర్ తెరిచి ఉన్న ఆ కాస్త సమయంలోనూ బండి కదులుతూనే ఉంటుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. షట్టర్ సెకనులో 50వ వంతు తెరిచి ఉంటే ఈలోగా బండి 44 సెంటీమీటర్లు జరిగిపోతుంది. వెయ్యో వంతు తెరిచినా 22 మిల్లీమీటర్లు జరుగుతుంది. కారు నంబర్ ప్లేటుపై అక్షరం గీత మందం నిబంధనల ప్రకారం 10 మిల్లీమీటర్లే. అంటే పక్క నుంచి తీస్తే అంత వేగంలోనూ గీత అలుక్కుపోతుంది. అందుకే స్పీడ్ కెమెరాలను బండికి ఎదురుగానో, వెనక వైపునో పెడతారు. అలా తీస్తే ఫొటోలో ప్లేటు జరిగేది చాలా తక్కువ.

రాత్రిపూట ఎలా?

షట్టర్ వేగం పెరిగేకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి చాలా కెమెరాలకు కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ లైట్లు ఉంటాయి. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లకు తప్పనిసరి చేసిన హై సెక్యూరిటీ ప్లేటు, తన మీద పడిన వెలుగును వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది. ప్లేటుకు బురద పట్టినా, పై పొర గీసుకుపోయినా ఈ ఏర్పాటు దెబ్బతింటుంది.

చిక్కు ఎక్కడ?

నంబర్ అలుక్కుపోతే 8 కాస్తా ఇంగ్లిష్ ‘బి’లా, సున్నా ‘డి’లా కనిపించవచ్చు. ఒక్క అక్షరం తేడా వస్తే ఇంట్లో నిలిపి ఉంచిన బండికి కూడా చలాన్ పడుతుంది. చౌరస్తాల్లో చేతి కెమెరాతో తీసే ఫొటోలకు చెయ్యి కదలడం కూడా తోడవుతుంది.

మీరేం చేయాలి?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2021 ఆగస్టులో చేర్చిన 167ఏ ప్రకారం, ఇలాంటి నోటీసులో ఉల్లంఘన, నంబర్ ప్లేటు కనిపించే స్పష్టమైన ఫొటో ఉండాలి. పరికరం నమోదు చేసిన వేగం, తేదీ, సమయం, చోటు కూడా ఉండాలి. చలాన్ తేలేదాకా ఆ రికార్డును భద్రపరచాలి.

కాబట్టి ముందు ఫొటో తెరవండి. బండి రంగు, మోడల్, నంబర్‌లోని ప్రతి అక్షరం మీ ఆర్‌సీతో పోల్చండి. ఆ సమయంలో బండి ఎక్కడుందో గుర్తు చేసుకోండి. తేడా ఉంటే స్క్రీన్‌షాట్, ఆర్‌సీ, మీ బండి ఫొటో జతచేసి చలాన్ పంపిన విభాగానికి ఫిర్యాదు చేయండి. డబ్బు కట్టాక తప్పు నాది కాదని వాదించడం కష్టం. ఫొటో స్పష్టంగా ఉండి, బండి మీదే అయితే కట్టేయడమే మేలు.